వైర్‌లెస్ సెట్ ముందు పదిహేడేళ్లు, బ్యాంకు కౌంటర్ వెనక నాలుగో ఏడు: నా అనుభవం

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే ముగ్గురు పట్టుకున్నారు. ముగ్గురూ ఫౌజీలే, అంటే ఆర్మీ వాళ్లే, ఒకడు ఆల్రెడీ రిటైరై దిగిపోయాడు, ఇద్దరు వచ్చే ఏడు దిగుతారు, అడిగింది మాత్రం ఒకటే. "అన్నా, బ్యాంకులో ఎలగ దూరీసినావు, మనకి కోటా ఉంటాదంట కదా, ఊరికే ఇచ్చేస్తారేటి?" ఊరికే ఎవడిస్తాడురా బాబూ. ఒక్కొక్కడికీ గంట గంట చెప్పే ఓపిక లేక ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను, ఎవరికి పనికొస్తే వాళ్లు చదువుకోండి, పొడుగైపోతే తిట్టుకోకండి.

మాది నరసన్నపేట దగ్గర పల్లె. 2003లో ఆర్మీ ర్యాలీలో 1600 మీటర్లు పరిగెత్తి సెలెక్టయ్యాను, సిగ్నల్స్ (ఆర్మీలో వైర్‌లెస్, ఫోన్లు చూసే విభాగం) వచ్చింది, ట్రైనింగ్ జబల్‌పూర్. సిగ్నల్స్ వాళ్ల నినాదం తీవ్ర చౌకస్, అంటే బేగి ఉండాలి మెలకువగా ఉండాలి అని. నేను ఆపరేటర్‌ని. లేహ్, బఠిండా, తేజ్‌పూర్, ఎక్కడికెళ్లినా నా పని చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని కూర్చోవడమే. ఒక విషయం ఇక్కడే చెప్పేస్తాను ఎందుకంటే కిందంతా దీని గురించే వస్తది. వైర్‌లెస్‌లో ముఖ్యమైన మెసేజ్ వస్తే "సరే అందింది" అని ఊరుకుంటే కుదరదు, రీడ్ బ్యాక్ అంటారు, అవతలోడు చెప్పింది చెప్పినట్టు మళ్లీ ఆడికే చదివి వినిపించాలి, ఆడు కరెక్ట్ అన్నాకే పని మొదలు. అంకె ఒకటి తేడా పడితే బండి ఒక లోయకి పోవాల్సింది ఇంకో లోయకి పోద్ది. ట్రైనింగ్ ఇచ్చే ఉస్తాద్‌లు దీనికోసం మా చేత ఎన్ని ఫ్రంట్ రోల్స్ వేయించారో లెక్కలేదు.

2020 ఫిబ్రవరి ఆఖర్న పెన్షన్ మీద ఇంటికొచ్చేశాను. వచ్చిన నెలలోపే మార్చి 25న లాక్‌డౌన్. పదిహేడేళ్లు ఇంటికి ఎప్పుడెళ్దామా అని చూసినోణ్ని, మూడు నెలలు గడప దాటకుండా కూర్చునేసరికి పిచ్చెక్కిపోయింది. పొద్దున్న 4:30కి మెలకువ వచ్చేస్తది, ఏం చెయ్యాలో తెలీదు, గిన్నెలు సర్దితే మా ఆవిడ "అవి మీ స్టోర్ రూమ్ కాదు, అక్కడ పెట్టకండి" అనేది.

ఇంకోటి, గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత ముందే ఒకేసారి తీసుకునేది), గ్రూప్ ఇన్సూరెన్స్ డబ్బులు పట్టుకుని ఫౌజీ ఊళ్లో దిగాడంటే వాసన వచ్చేస్తది జనాలకి. చీటీ వాళ్లొకరు, విజయనగరం రింగ్ రోడ్డు పక్కన సైట్ అని ఒకరు, జీడిపిక్కల వ్యాపారంలో వాటా అని మా చిన్నాన్న గారి అల్లుడు. అవన్నీ తప్పించుకున్నాను కానీ ఒకదాన్లో పడ్డాను. ఒక ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్లు (పేరు ఎందుకులెండి) ఎక్స్ సర్వీస్‌మెన్ కావాలి, ఫైనాన్షియల్ అడ్వైజర్ ఉద్యోగం, గౌరవమైనది, టై కట్టుకోవచ్చు అన్నారు. ఐసీ 38 అని ఒక పరీక్ష ఉంటది ఏజెంట్లకి, అది రాశాను, పాసయ్యాను, ఇంట్లో స్వీట్లు పంచారు కూడా. మమ్మల్నే ఎందుకు పిలుస్తున్నారో నాకు రెండో వారానికి గానీ అర్థం కాలేదు. మా ఫోన్లలో ఉన్న నంబర్ల కోసం. ఒక్కొక్క ఫౌజీ ఫోన్లో ఇంకో రెండొందల మంది ఫౌజీలు, అందరికీ నెలనెలా పెన్షనో జీతమో వస్తది, పైగా ఒకడి మాట ఒకడు నమ్ముతాడు.

నా మాట నమ్మినోడు గజపతినగరం వైపు వాడు, నాతో తేజ్‌పూర్‌లో ఒకే బంకర్‌లో పడుకున్నాడు. లక్ష రూపాయలు కట్టాడు. మీటింగుల్లో మాకు నేర్పించినట్టే "గ్యారంటీ రిటర్న్, ఎఫ్‌డీ కన్నా నయం" అని చెప్పాను, సంతకాలు ఇరవై చోట్ల పెట్టించాను. ఏడాది తిరిగాక ఫోన్ చేశాడు, "ఏట్రా ఇది, మళ్లీ లక్ష కట్టమని మెసేజ్ వచ్చింది?" ఆడు ఒక్కసారి కట్టేది అనుకున్నాడు. అది పదేళ్లు కట్టేది. కాగితంలో ఉంది, నేనూ ఎక్కడో ఒక ముక్క అన్నట్టే గుర్తు, కానీ ఆడికి ఏమర్థమైందో ఆడి నోటితో నేను చెప్పించలేదు. పాలసీ వద్దనుకుంటే వెనక్కిచ్చేసే ఫ్రీ లుక్ అప్పుడు 15 రోజులే, అది ఎప్పుడో పోయింది. అప్పటి రూల్ ప్రకారం రెండేళ్లన్నా కట్టకపోతే సరెండర్ వాల్యూ, అంటే మధ్యలో మానేస్తే తిరిగొచ్చే డబ్బు, అది కూడా వచ్చేది కాదు. ఇంక చేసేదేం లేక ఆడు అప్పు చేసి రెండో లక్ష కట్టి అప్పుడు సరెండర్ చేశాడు, 2 లక్షలకి ఓ 60 వేలు చేతికొచ్చింది. మిగతాది నేను కొంచెం కొంచెం సర్దుతాన్రా అన్నాను, తీసుకోలేదు. తిట్టినా బాగుండేది, తిట్టనూ లేదు.

ఆడి మొదటి ఫోన్ వచ్చిన రోజే నేను ఆ పని మానేశాను. అప్పటికే బ్యాంకు పరీక్ష ఒకసారి రాసి పోగొట్టుకుని ఉన్నాను, ఈసారి గట్టిగా కూర్చున్నాను.

ఇప్పుడు కోటా సంగతి. ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో క్లర్క్ పోస్టుల్లో ఎక్స్ సర్వీస్‌మెన్‌కి 14.5 శాతం, సబ్ స్టాఫ్ (ప్యూన్ లాంటివి) పోస్టుల్లో 24.5 శాతం రిజర్వేషన్, అందులోనే 4.5 డిసేబుల్డ్ వాళ్లకీ, అమరులైన వాళ్ల కుటుంబాలకీ. డిగ్రీ లేదని భయపడకండి, టెన్త్ పాసై, ఆర్మీ స్పెషల్ సర్టిఫికెట్ ఆఫ్ ఎడ్యుకేషన్ ఉండి, 15 ఏళ్ల సర్వీస్ నిండితే క్లర్క్‌కి అప్లై చేసుకోవచ్చు, నేను అలాగే చేశాను. వయసులో సర్వీస్ ఎన్నేళ్లు చేశామో అన్నేళ్లు ప్లస్ 3 ఏళ్లు సడలింపు, 50 దాటకూడదు. సర్వీస్‌లో ఉన్నవాళ్లు కూడా దిగిపోవడానికి ఏడాదిలోపు ఉంటే రాయొచ్చు, యూనిట్ నుంచి కాగితం తెచ్చుకోండి, ఇది మాత్రం సర్వీస్‌లో ఉండగానే తెచ్చుకోండి, దిగాక రికార్డ్స్ ఆఫీసుకి ఉత్తరాలు రాస్తూ కూర్చుంటే నోటిఫికేషన్ ఎల్లిపోద్ది. దిగాక మొదటి వారంలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు రాయించుకోండి. డిశ్చార్జ్ బుక్, పీపీఓ (పెన్షన్ ఆర్డర్), లాస్ట్ పే సర్టిఫికెట్, ఈ మూడూ పది పది జిరాక్సులు. జిరాక్స్ షాపు వాడు నన్ను చూస్తే నవ్వేవాడు.

నేను రాసింది ఐబీపీఎస్ (ప్రభుత్వ బ్యాంకులకి పరీక్షలు పెట్టే సంస్థ) వాళ్ల క్లర్క్ పరీక్ష. ప్రిలిమ్స్ 100 ప్రశ్నలు 60 నిమిషాలు, ఇంగ్లీష్ 30, లెక్కలు 35, రీజనింగ్ 35, ఒక్కోదానికి 20 నిమిషాలే, అది అయిపోతే ఇది తెరుచుకుంటది, వెనక్కెళ్లలేం. తప్పుకి పావు మార్కు కోత. మెయిన్స్‌కి నా టైమ్‌లో 190 ప్రశ్నలు 160 నిమిషాలు. ఇంటర్వ్యూ లేదు. ప్రిలిమ్స్ మార్కులు గేటు దాటడానికే, లెక్కలోకొచ్చేది మెయిన్సే. 2020 డిసెంబర్లో మొదటిసారి రాశాను, లెక్కల్లో సింప్లిఫికేషన్ దగ్గరే 11 నిమిషాలు పోయాయి, అయిపోయింది. 36 ఏళ్లకి భిన్నాలు కూడలేక ఏడుపొచ్చింది అంటే నమ్మండి. అప్పుడు మా పాప తొమ్మిదో క్లాసు, ఆన్‌లైన్ క్లాసులు కదా ఇంట్లోనే ఉండేది, నాకు టీచర్ అదే. ఇరవై దాకా వర్గాలు, పదిహేను దాకా ఘనాలు వంటింటి తలుపు మీద అంటించింది, నీళ్లు తాగడానికెళ్తే ఒకటి అడిగేది, చెప్తేనే గ్లాసు. మా ఆవిడ మధ్యలో వచ్చి "మీ నాన్న హవల్దారే, అలగ కసురుకోకు" అనేది, పాప "లెక్కల్లో సిపాయే" అనేది.

2021లో నోటిఫికేషన్ జులైలో వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. ప్రాంతీయ భాషల్లో పరీక్ష పెట్టాలా వద్దా అని ఆర్థిక శాఖ వాళ్లు తేల్చేదాకా ఆపారు. సెప్టెంబర్ ఆఖర్న 13 ప్రాంతీయ భాషల్లో కూడా అని తేలింది, అక్టోబర్లో మళ్లీ మొదలైంది. తెలుగులో పేపర్ అనేసరికి మా బ్యాచ్ వాళ్లు ఎగిరి గంతేశారు. నా మటుకు నాకు చెప్పాలంటే రీజనింగ్ తెలుగులో చదివితే ఇంకా తికమక, పదిహేడేళ్లు హిందీలో ఆలోచించిన బుర్ర ఇది, నేను ఇంగ్లీషులోనే చదువుకుని డౌట్ వస్తే తెలుగుకి మార్చి చూసుకున్నాను. ప్రిలిమ్స్ డిసెంబర్లో, చిలకపాలెం దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో పడింది, చుట్టూ ఇరవై రెండేళ్ల పిల్లలు, ఒకమ్మాయి నన్ను ఇన్విజిలేటర్ అనుకుని "సార్ వాష్‌రూమ్ ఎటు" అంది. మెయిన్స్ జనవరిలో వైజాగ్. 2022 ఏప్రిల్ 1న లిస్ట్ వచ్చింది, మా ఆవిడ సాయంత్రం దాకా నమ్మలేదు, ఏప్రిల్ ఫూల్ చేస్తున్నాననుకుంది.

పోస్టింగ్ ఉద్దానంలో ఒక మండల కేంద్రం. కొబ్బరి, జీడిమామిడి, ఇటు పొలం అటు సముద్రం. ఇంటి నుంచి హైవే మీద గంటన్నర, మొదట్లో బస్సు, తర్వాత బండి. మేనేజర్ 28 ఏళ్ల కుర్రాడు, మొదటి రోజు నేను కాళ్లు దగ్గరకి చేర్చి "జై హింద్ సర్" అనేశాను, పాపం లేచి నిలబడిపోయాడు.

మొదటి మూడు నెలలు చెత్తగా చేశాను. ఇది దాచుకోవడం ఎందుకు. నాకు కౌంటర్ ఇచ్చిన రెండో రోజు పెన్షన్ల రష్షు, జనం ఒకరి మీద ఒకరు పడుతుంటే నాలోంచి పరేడ్ గ్రౌండ్ గొంతు బయటికొచ్చింది, "లైన్!" అని. బ్రాంచ్ అంతా నిశ్శబ్దం. ముసలోళ్లు నిజంగానే వరసలో నిలబడిపోయారు. నేను గొప్పగా ఫీలై చూస్తే ముందున్న మామ్మ చేతిలో విత్‌డ్రాయల్ ఫారం వణుకుతోంది. హెడ్ క్యాషియర్ మేడమ్ లంచ్‌లో మెల్లగా చెప్పారు, "అన్నయ్యా, మీరు అరిస్తే లైన్ వస్తుంది కానీ, వాళ్లు అడుగుదామనుకుని వచ్చింది అడక్కుండా ఎల్లిపోతారు. రేపు మళ్లీ వస్తారు, అప్పుడు లైన్ ఇంకా పెద్దదవుద్ది." ఆవిడ డిఫెన్స్‌లో ఉంటే సుబేదార్ మేజర్ అయ్యేది.

తర్వాత మెల్లగా ఒకటి గమనించాను. కౌంటర్ దగ్గరికొచ్చి జనం చెప్పేది ఒకటి, వాళ్ల సమస్య ఇంకోటి. వందలో డెబ్బై మంది చెప్పే మాట "డబ్బులు పడలేదు". ఈ రెండు ముక్కల కింద ఎన్ని రకాలున్నాయో చూడండి. పీఎం కిసాన్ 2 వేలు పడలేదంటే చాలాసార్లు పడే ఉంటాయి, వేరే బ్యాంకులో. ప్రభుత్వం డబ్బు ఆధార్ నంబర్ మీద వేస్తది, ఈ చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ సంస్థ దగ్గర ఆ ఆధార్‌కి ఆఖర్న ఏ బ్యాంకు లింక్ అయ్యుంటే అక్కడికెళ్లిపోద్ది, మనకి నాలుగు పాస్‌బుక్కులు ఉంటే మనకిష్టమైన దాన్లో పడదు. డ్వాక్రా లోన్ కోసమో, పిల్లల స్కాలర్‌షిప్ కోసమో ఎప్పుడో ఎక్కడో అకౌంట్ తెరిచి వేలిముద్ర వేసుంటారు, గుర్తుండదు. ఇంకొందరికి కేవైసీ ఆగి ఉంటది. ఇంకొందరికి రెండేళ్లు ముట్టుకోక అకౌంట్ ఇనాపరేటివ్‌లోకి పోయుంటది. ఇవేవీ వాళ్లు చెప్పలేరు, చెప్పాల్సిన పని వాళ్లది కాదు కూడా.

ఒకరోజు ఒకామె, సముద్రం పక్క ఊరు, మొగుడు గుజరాత్ వేరావల్‌లో బోటు మీద పనికెళ్లాడు (మా వైపు నుంచి ఎంతమంది పోతారో తెలుసు కదా). "మా ఆయన పంపించీసినానంటన్నాడు, మీరు రాలేదంటన్నారు, మజ్జిన ఎవులు తినీసినారు?" అని వారం నుంచి తిరుగుతోంది. రోజూ మేము స్టేట్‌మెంట్ చూడడం, రాలేదమ్మా అనడం. ఆ రోజు నాకు ఎందుకో సెట్ ముందు కూర్చున్నట్టు అనిపించి, "ఆగమ్మా, నువ్వు చెప్పింది నేను చెప్తాను, తప్పైతే ఆపు. మీ ఆయన ఎనిమిది వేలు పంపాడు, ఈ అకౌంట్ నంబర్ కొట్టి పంపాడు, ఇందులో పడలేదు. అంతేనా?" అన్నాను. "నంబరు కాదు బాబూ, నా పోను నంబరుకి కొట్టినాడు." అంతే, అయిపోయింది. ఫోన్ నంబర్‌కి పంపితే ఆ నంబర్ మీద యూపీఐలో ఏ అకౌంట్ మెయిన్‌గా పెట్టుకుంటే దాన్లో పడుద్ది, ఆమె ఫోన్లో తమ్ముడు ఎప్పుడో పలాసలో వేరే బ్యాంకు అకౌంట్ పెట్టిచ్చాడు. ఎనిమిది వేలూ అక్కడ భద్రంగా ఉన్నాయి. ఆమె నవ్వుతూ నన్ను కాక పక్కనున్న క్లర్క్‌ని తిట్టుకుంటూ ఎల్లింది.

అప్పట్నుంచి అదే అలవాటు చేసుకున్నాను. ఏం చెప్పినా ముందు వాళ్ల మాటలోనే వాళ్లకి తిప్పి చెప్పడం. మొదట్లో మేనేజర్ గారు ఒక్కొక్కరికి ఇంతసేపా అన్నారు, తర్వాత మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు తగ్గారని ఆయనే ఒప్పుకున్నారు. ఫోన్లో ఐఎఫ్ఎస్‌సీ కోడ్ చెప్పాలంటే కూడా నేనే, ఆల్ఫా బ్రావో చార్లీ అని, పదకొండు అక్షరాల్లో ఐదోది ఎప్పుడూ సున్నా, దాన్ని ఓ అని రాసేవాళ్లు ఊరికి పదిమంది. స్టాఫ్ నాకు పెట్టిన పేరు "ఓవర్ గారు". కస్టమర్‌తో మాట్లాడ్డం అయ్యాక ఒకసారి, వైర్‌లెస్‌లో మాట ముగించినట్టు, నోరు జారి ఓవర్ అన్నానులెండి.

క్యాష్‌లో కూర్చున్నప్పుడు మాత్రం ఒకసారి గట్టిగా తగిలింది. గ్రూపు లోన్ల రోజు, తిండి కూడా తినలేదు, 24 వేలకి 34 వేలు ఇచ్చేశాను. సాయంత్రం క్లోజింగ్‌లో 10 వేలు షార్ట్. రాత్రి 8 దాకా ఓచర్లన్నీ తిరగేశాం, కెమెరా చూశాం, నేను మిషన్లో వేసి తీసి ఇవ్వడం కనపడుతోంది కానీ ఎన్ని అని అందులో కనపడదు. ఎవరికిచ్చానో అనుమానం ఉన్న మనిషి దగ్గరికి మర్నాడు వెళ్తే "నాకు సరిగ్గానే ఇచ్చారు" అన్నాడు. ఏం చేస్తాం, జేబులోంచి కట్టాను. ఆ నెల పాప ఫీజు ఆలస్యం. ఇప్పుడు నోట్లు ఇచ్చే ముందు పైకి చెప్తాను, "500వి 48, 24 వేలు, ఇక్కడే లెక్కెట్టుకోండి" అని. వెనకున్నోళ్లు విసుక్కుంటారు, విసుక్కోనీ.

2023 ఆగస్టులో అనుకుంటా, వాన పడుతోంది, ఒకావిడ వచ్చింది. నలభై దాటుంటాయి. ప్లాస్టిక్ కవర్లో పాస్‌బుక్, మొగుడి ఆధార్, డెత్ సర్టిఫికెట్, వాటితో పాటు పలాసలో డయాలసిస్ చేయించుకున్న చీటీలు ఒక కట్ట, అవెందుకు తెచ్చిందో ఆమెకే తెలీదు, ఇంట్లో కాగితాలన్నీ తెచ్చేసింది. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానంలో ఆ కట్ట చూస్తే ఇంక అడగక్కర్లేదు. "ఇది మూసీండి బాబూ" అంది. అకౌంట్లో 1,143 రూపాయలున్నాయి. మామూలుగా అయితే ఐదు నిమిషాల పని, నామినీ ఆమే, ఫారం, సంతకం, డబ్బులిచ్చి పంపేయడమే.

"ఈ అకౌంట్ మూసేసి ఉన్న డబ్బులు మీకు ఇచ్చేయమంటున్నారు, అంతేనా పెద్దమ్మా?" అన్నాను. "అవును బాబూ, మనిషే లేడు, ఇది ఉంటే ఊరికే కోసీస్తారు." కోసేస్తారు అన్న ముక్క దగ్గర ఆగాను. "ఏం కోశారు?" "ఏమో, మొన్నామధ్య కోసినారు, ఆయన ఉన్నప్పుడే గొడవాడినాడు." పాస్‌బుక్ ప్రింట్ చేశాను. మే ఆఖరి వారంలో ఒక లైన్, 436. ఆ అంకె బ్యాంకులో పనిచేసే ఎవడికైనా నిద్రలో లేపి అడిగినా తెలుస్తది, పీఎం జీవన్ జ్యోతి ప్రీమియం. ఏడాదికి 436 కోస్తే జూన్ 1 నుంచి మరుసటేడు మే 31 దాకా 2 లక్షల కవర్, యాక్సిడెంటే కానక్కర్లేదు, రోగమొచ్చి పోయినా ఇస్తారు. అంతకు ముందేడు కూడా చూశాను, అక్కడా ఉంది. ఆయన పోయింది జులైలో. వయసు 46.

ఆమెకి చెప్తే మొదట అర్థం కాలేదు. రెండు లక్షలు లోన్ ఇస్తానంటున్నాననుకుంది. "లోను వద్దు బాబూ, ఉన్న అప్పే తీర్లేదు" అని లేచిపోబోయింది. కూర్చోబెట్టి మళ్లీ చెప్పాను, "ఇప్పుడు నేనేం చెప్పానో మీరు చెప్పండి" అన్నాను. చాలాసేపు కాగితాల వైపు చూసి, "ఆయన గొడవాడిన డబ్బులే... ఆయన కోసం కట్టినట్టా?" అంది. అవునన్నాను. ఏడవలేదు. చీటీల కట్ట మళ్లీ కవర్లో పెట్టుకుని రబ్బరు బ్యాండ్ వేసుకుంటూ ఉండిపోయింది.

అంత ఈజీగా ఏం రాలేదులెండి. ఆధార్‌లో ఆమె పేరుకి ముందు అప్పల ఉంది, బ్యాంకు రికార్డులో లేదు. మా వైపు సగం మందికి ఇదే గొడవ, ఒకచోట అప్పల ఉంటది ఇంకోచోట ఎగిరిపోద్ది. దానికి ఇద్దరూ ఒకరే అని కాగితం, క్లెయిమ్ ఫారం, పంచాయతీ దగ్గర డెత్ సర్టిఫికెట్‌లో తప్పు దిద్దించడం, నాలుగుసార్లు తిరిగింది, ఇన్సూరెన్స్ వాళ్లు రెండుసార్లు వెనక్కి కొట్టారు, రెండుసార్లూ నేనే కూర్చుని ఫైల్ మళ్లీ కట్టాను. నెలన్నరకి పడ్డాయి. ఆ తర్వాత నేనూ మేడమూ కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నాం, డెత్ క్లెయిమ్ ఏదొచ్చినా ముందు పాస్‌బుక్‌లో 436, 20 ఈ రెండు అంకెలు వెతకడం. 20 అంటే సురక్షా బీమా, అది యాక్సిడెంట్‌కి. చనిపోయినోళ్ల ఇంటి నుంచి వచ్చేవాళ్లలో ఈ పాలసీ ఒకటుందని తెలిసినోళ్లు నాకు తక్కువే తగిలారు.

మోసాల కేసులు కూడా వస్తుంటాయి, వాటి గురించి రాస్తే ఇదే సైజ్ ఇంకోటి అవుద్ది. పీఎం కిసాన్ యాప్ అని వాట్సాప్‌లో వచ్చిన ఫైల్ నొక్కి డబ్బులు పోగొట్టుకుని వస్తారు. చెప్పేది ఒకటే, బ్రాంచ్‌కి వచ్చేదాకా ఆగకండి, పోయిందని తెలిసిన నిమిషంలో 1930కి, అంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్‌కి, కొట్టండి, తర్వాత మా దగ్గరికి రండి. ఒక రిటైర్డ్ రైల్వే ఆయనకి అలా సగం డబ్బు అవతల అకౌంట్లో ఆపగలిగారు. సగం పోయింది.

బ్యాంకులో అంతా బాగుందని చెప్పను. పే ఫిక్సేషన్, అంటే ఆర్మీలో ఆఖరి జీతం చూసి ఇక్కడ బేసిక్ కట్టడం, దానికి నా ఫైల్ ఏడు నెలలు తిరిగింది, ఒక్కో ఆఫీసు ఒక్కో కాగితం లేదంటది. పెన్షన్ ఒక పక్క జీతం ఒక పక్క అని ఊళ్లో కళ్లన్నీ మన మీదే, అప్పులడిగేవాళ్లు పెరుగుతారు. మన తర్వాత చేరిన పిల్లలు ప్రమోషన్ పరీక్షలు రాసి ఆఫీసర్లయ్యి మనకే సార్లవుతారు, అది తట్టుకోగలిగితేనే రండి. ఇంక టార్గెట్లు. నేను పారిపోయి వచ్చిన పాలసీలే ఇక్కడ కూడా అమ్మమంటారు. మార్చి వచ్చిందంటే రోజూ లెక్కడుగుతారు. నేను అమ్మనని చెప్పను, ఉద్యోగం కదా, కానీ నా దగ్గర సంతకం పెట్టే ముందు కస్టమర్ నాకు మూడు చెప్పాలి: ఏడాదికి ఎంత, ఎన్నేళ్లు కట్టాలి, మధ్యలో ఆపితే ఏమవుద్ది. తన నోటితో. చెప్పడం మొదలెట్టాక సగం మంది "అయితే ఇప్పుడొద్దులే బాబూ" అని లేచిపోతారు. లిస్టులో నా పేరు ఎప్పుడూ కిందే. మేనేజర్ మారారు, కొత్తాయన ఇంకా ఏమీ అనలేదు, ఈ మార్చికి అంటారేమో చూడాలి.

గజపతినగరం వాడు రెండేళ్లు సరిగ్గా మాట్లాడలేదు. పోయిన నెల ఫోన్ చేశాడు. కూతురి పెళ్లికని స్థలం అమ్మాడంట, 7 లక్షలు, ఏడాది దాకా ఎక్కడ పెట్టాలి అని. నన్ను అడిగాడు చూడండి. నేను బండి పక్కకి ఆపి, కంచిలి దాటాక ఒక జీడితోట నీడలో నిలబడి చెప్పాను, ఎఫ్‌డీ వెయ్యి, ఏడాదికి, మధ్యలో తీస్తే వడ్డీ కొంచెం తగ్గించి ఇస్తారు, బ్యాంకు మునిగినా ఒక్కో మనిషికి ఒక్కో బ్యాంకులో అసలు వడ్డీ కలిపి 5 లక్షల దాకా ఇన్సూరెన్స్ ఉంటది, అందుకని రెండు బ్యాంకుల్లో సగం సగం వేసుకో, ఎవడైనా ఎఫ్‌డీ బదులు ఇది తీసుకో అని ఇంకేదైనా కాగితం పెడితే సంతకం పెట్టకు, నాకు ఫోన్ చెయ్యి.

అవతల కాసేపు ఏం వినపడలేదు. లైన్ కట్టయ్యిందేమో అనుకున్నాను.

"ఆగు, రీడ్ బ్యాక్ చేస్తాను" అన్నాడు. చేశాడు. ఏడాదికి ఎఫ్‌డీ, ముందే తీస్తే వడ్డీ తగ్గుద్ది, వేరే కాగితం మీద సంతకం లేదు, ఒక్కో ఎఫ్‌డీకి 5 లక్షల ఇన్సూరెన్స్, కాబట్టి ఒకే బ్యాంకులో రెండు ఎఫ్‌డీలు వేసేస్తాను, ఓవర్.

"రాంగ్" అన్నాను. "ఎఫ్‌డీకి కాదు, బ్యాంకుకి. సే అగైన్."